అంజూర చెట్టు కింద గడ్డ

రత్తమ్మకు మొక్కల మీద ప్రేమ ఏనాడూ లేదు. అంబాజీపేట దగ్గర ఆవిడ పుట్టిన ఊళ్లో మొక్కను పెంచడం అనేది ఒక పనిగా ఎవరూ లెక్కవేయరు. పెరిగిపోయినదాన్ని నరకడమే పని. పిట్టగోడ మీద కాకి వదిలేసిన గింజ కూడా రెండు వానలకి చెట్టయి కూర్చుంటుంది. అలాంటి చోట సగం జీవితం గడిపిన మనిషికి, సౌదీ వెళ్లి ఒక్క గడ్డని బతికించడానికి మూడేళ్లు తంటాలు పడతావని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, వంటా వార్పూ ఎంతైనా చేస్తాను గానీ అది మాత్రం నా వల్ల కాదని ఏజెంటుతో ఖరాఖండీగా చెప్పేసి ఉండేది.

ఆవిడ భర్త పీరయ్య కొబ్బరికాయలు దింపేవాడు. ఒక ముసురు రోజున చెట్టు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది గానీ మళ్లీ చెట్టెక్కేలా అతకలేదు. అప్పుడు రత్తమ్మ గల్ఫ్‌కి బయల్దేరింది. ముందు కువైట్‌లో ఒక పెద్ద కుటుంబంలో చేసి, పడుతూ లేస్తూ అరబ్బీ నేర్చుకుంది. తర్వాత సౌదీలో ఖమీస్ ముషైత్ అనే ఊరికి వచ్చింది. ఎడారి దేశం కదా అని నూలు చీరలు, పల్చటి దుప్పటీ తెచ్చుకుంది. తీరా చూస్తే అది కొండల మీది ఊరు. విమానం దిగగానే పళ్లు టకటకా కొట్టుకున్నాయి. మొదటి చలికాలమంతా ఆవిడ ఆ ఇంటి డ్రైవరు ఇచ్చిన పాత స్వెట్టర్ తొడుక్కునే వంట చేసింది. దాని వీపు మీద ఏదో టైర్ల కంపెనీ పేరు ఉండేది.

డ్రైవరు పేరు మహబూబ్ సుభాని. రాయచోటి వాడు. ఆ ఇంట్లో తెలుగు వచ్చిన మనుషులు వాళ్లిద్దరే కాబట్టి, ఒకరి తెలుగు ఒకరికి పూర్తిగా అర్థం కాకపోయినా సర్దుకుపోయేవారు.

గల్ఫ్ ఇళ్లలో యజమానిని బాబా అని, ఇంటావిడని మామా అని పిలవాలి. తెలుగు ఆడమనిషికి ఇది మొదట్లో మింగుడుపడదు. మామ అన్నాక మీసాలుండాలి. ఈ ఇంట్లో మామలు ఇద్దరు. ఒకరు బాబా భార్య నూరా, ఆడపిల్లల బడిలో టీచరు. రెండో ఆవిడ బాబా తల్లి జైనాబ్. ఈవిడని రత్తమ్మ పెద్ద మామ అనేది. పెద్ద మామకి మోకాళ్లు అరిగిపోయాయి. వంటింటి పక్క గదిలో కిటికీ దగ్గర పరుపు వేయించుకుని పొద్దస్తమానం అక్కడే కూర్చునేది. ఆ కిటికీలోంచి పెరడు కనిపిస్తుంది. పెరట్లో ఒక అంజూర చెట్టు, గ్యాసు సిలిండర్లు, బట్టల తీగ. చూడ్డానికి అంతకు మించి ఏమీ లేవు. అయినా ఆవిడ చూస్తూనే ఉండేది.

పెద్ద మామ పుట్టిల్లు అక్కడికి కొన్ని గంటల దూరంలో, కొండ అంచున అరార్ చెట్ల అడవి పక్కన. అరార్ చెట్లని రత్తమ్మ కారులోంచి ఒకసారి చూసింది. సరుగుడు చెట్లు ఒళ్లు చేస్తే అలా ఉంటాయని అనుకుంది. వానలు మొదలవగానే ఆ చెట్ల నీడలో ఒక ఎర్ర పువ్వు పూస్తుందట. ముందు పువ్వు, తర్వాత ఆకు. వానలు వెళ్లిపోయి చలి వచ్చేసరికి పైన ఏమీ మిగలదు, గడ్డ మాత్రం నేలలో నిద్రపోతుంది. పెద్ద మామ దానికొక పేరు చెప్పింది. ఆ పేరు విని మనవలే నవ్వారు. వాళ్లకీ అది తెలియని మాట. అందుకని ఇంట్లో అందరూ ఎర్ర పువ్వు అనే అన్నారు.

అది పెరట్లో కళ్ల ముందు ఉండాలని పెద్ద మామ కోరిక. కొడుకు తల్లి కోరిక తీరుద్దామని నర్సరీ నుంచి ఎర్రగా పూసేవన్నీ వరసగా తెచ్చాడు. గులాబీ తెచ్చాడు, జెరేనియం తెచ్చాడు. పెద్ద మామ ఒక్కొక్కదాన్నీ కిటికీలోంచి చూసి, "ఇది కాదు" అంది. చివరికి ఒక పెళ్లికని పుట్టింటికి వెళ్లినప్పుడు, తమ్ముడి పొలం గట్టు మీద చెట్ల కింద తవ్వించి, ఒక గడ్డని చేతిరుమాల్లో కట్టి తెచ్చుకుంది. కారు దిగుతూనే దాన్ని రత్తమ్మ చేతిలో పెట్టింది.

"అంజూర చెట్టు కింద, నీడలో పెట్టు. జాగ్రత్త."

రత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పక్కనే సామాను దింపుతున్న సుభాని కూడా చూశాడు.

"ఇది ఎర్రగడ్డ గదక్కా? మూట గట్టి తెచ్చినారే!"

"ఎర్ర పువ్వు గడ్డేనయ్యా. నీకెలా తెలుసు?"

"పువ్వేందక్కా? కూరలోకి ఏసుకునే ఎర్రగడ్డ."

ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. వాళ్ల వైపు ఉల్లిపాయని ఎర్రగడ్డ అంటారు. చూడ్డానికి నిజంగానే అలాగే ఉంది.

రత్తమ్మ గడ్డని లోతుగా పాతి, రోజూ రెండు పూటలా నీళ్లు పోసింది. కోనసీమ మనిషికి జాగ్రత్త అంటే నీళ్లే. చలికాలం వచ్చింది. వానలకి ఇంకా టైమున్నా, పెద్ద మామ ఆగలేక రోజూ పొద్దున్నే కిటికీలోంచి అడిగేది: "వచ్చిందా?" రత్తమ్మ రోజూ చెప్పేది: "ఇంకా లేదు మామా." చివరికి ఒకనాడు ఏమైందో చూద్దామని చేత్తోనే మట్టి తీసింది. గడ్డ ఒక వైపంతా మెత్తబడి, వేలు పెడితే లోపలికి దిగిపోయింది. వాసన కూడా వేసింది.

రత్తమ్మ అక్కడే గొంతుక్కూర్చుంది. పెద్ద మామ తన చేత్తో మోసుకొచ్చిన ఒకే ఒక్క గడ్డ అది. ఈ మాట ఏ నోటితో చెప్పాలి? అప్పుడు ఆవిడకి సుభాని మాట గుర్తొచ్చింది. వంటింట్లోకి వెళ్లి, బుట్టలోంచి మాంచి ఉల్లిపాయ ఒకటి ఏరి, తెచ్చి ఆ గుంటలో పెట్టి మట్టి కప్పేసింది. కుళ్లిన గడ్డని మాత్రం పారేయడానికి చేతులు రాక, సిలిండర్ వెనక అట్టముక్క మీద పెట్టింది.

ఉల్లిపాయ ఎవరినీ ఏడిపించకుండా మొలిచింది. కొద్ది రోజుల్లోనే పచ్చగా, నిటారుగా జానెడు ఎత్తు లేచింది. పెద్ద మామ కిటికీలోంచి చూసి, నూరాని పిలిచి, రత్తమ్మ భుజం పట్టుకుని, చాలా రోజుల తర్వాత పెరట్లోకి నడిచొచ్చింది. చెట్టు కింద వంగి, ఒక కాడ తుంచి, నలిపి వాసన చూసింది. తర్వాత రత్తమ్మ మొహం చూసింది.

"ఇది ఉల్లిపాయ."

రత్తమ్మ నేల చూపులు చూస్తూ నిలబడింది.

"పీకి సలాడ్‌లో వెయ్యి. పాతది ఏదీ?"

రత్తమ్మ వెళ్లి అట్టముక్క తెచ్చింది. పెద్ద మామ దాన్ని వేలితో నొక్కి చూసింది. కత్తి తెప్పించి, కుళ్లిందంతా చెక్కి తీసేసి, మిగిలిన ముక్కకి బొగ్గు పొడి అద్దింది. అడుగున ఒక పక్కన రేగిపండంత పిల్లగడ్డ ఒకటి గట్టిగా ఉంది. కొన్నాళ్లు నీడలో ఆరబెట్టాక చూస్తే ముక్క ఎండి పొట్టు మిగిలింది, పిల్లగడ్డ మాత్రం నిలిచింది. దాన్ని మెడ బయటికి కనిపించేలా పైపైన పెట్టించి, పెద్ద మామ పని అప్పజెప్పింది.

"నీళ్లు పొయ్యొద్దు. తవ్వి చూడొద్దు. రాలిన ఆకులు ఊడ్చొద్దు. అడవిలో ఎవరూ ఊడ్చరు."

"మరి నేనేం చెయ్యాలి మామా?"

"ఏమీ చెయ్యొద్దు."

రత్తమ్మ జీవితంలో ఎవరూ ఆవిడకి ఆ పని చెప్పలేదు. అంట్లు తోమమంటే తోమేది, నేల కడగమంటే కడిగేది. ఏమీ చెయ్యకుండా ఉండమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. బట్టలు ఆరేస్తూ అటు చూసి, చెయ్యి ఊరుకోక, చేతిని కొంగులో చుట్టుకుని లోపలికి వచ్చేసేది.

చిక్కంతా ఆకుల దగ్గర వచ్చింది. నూరాకి పెరడు అద్దంలా ఉండాలి. చలి ముదిరి అంజూర చెట్టు ఆకులన్నీ రాల్చడం మొదలుపెట్టగానే, "ఇదేం పని? ఊడ్వవా?" అని ఒక మామా, "ముట్టుకోకు" అని ఇంకో మామా. రత్తమ్మ ఇద్దరి ఉప్పూ తింటోంది. నూరా బడికి బయల్దేరకముందే రత్తమ్మ ఆకులన్నీ ఊడ్చి గోనెసంచిలోకి ఎత్తేది. కారు గేటు దాటగానే అవే ఆకులు తెచ్చి మళ్లీ చెట్టు కింద పరిచేది. సాయంత్రం కారు చప్పుడు వినగానే మళ్లీ ఎత్తేది. ఆ చలికాలమంతా ఆ ఆకులు తిరిగినంత దూరం సుభాని కారు కూడా తిరగలేదు.

"యాల అక్కా నీకీ పాట్లు?" అన్నాడు సుభాని.

"ఏం చేస్తానయ్యా. ఇద్దరూ మామలే."

వసంతంలో వాన పడ్డాక రెండు ఆకులు వచ్చాయి. పువ్వు లేదు. పిల్లగడ్డ ఇంకా ముదరాలని పెద్ద మామ చెప్పింది. ఆకులు వెడల్పుగా, అంచులు కొంచెం ముడతలు పడి, చూడ్డానికి పసుపు మొక్కలా ఉన్నాయి. చలికి మళ్లీ ఎండిపోయాయి. మరుసటి ఏడూ అంతే. రత్తమ్మ కాంట్రాక్టు అయిపోయింది. ఇంటికి వెళ్లిపోతావా, ఉంటావా అని బాబా అడిగాడు. ఉంటానంది. పీరయ్య ఫోన్లో ఎందుకని అడిగితే, "మజ్జలో వదిలేసి రాలేనండీ" అంది. దేని మధ్యలోనో ఆయన అడగలేదు.

ఆ చలికాలంలోనే బాబా పెరడంతా టైల్స్ వేయించాలనుకున్నాడు. ఫక్రుద్దీన్ అనే పాకిస్తానీ మేస్త్రీ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గడ్డ అప్పుడు నిద్రలో ఉంది. పైన ఏమీ లేదు, ఎండుటాకులు తప్ప. పార పట్టుకున్న మనిషి చెట్టు వైపు రాగానే రత్తమ్మ చేతిలో గరిటెతోనే పరుగెత్తి వెళ్లి, సరిగ్గా గడ్డ ఉన్న చోటుకి అడ్డంగా నిలబడింది.

"ఇధర్ నహీ కర్నా. బాబా బోలా," అంది తనకొచ్చిన హిందీలో. బాబా ఇక్కడ చెయ్యొద్దన్నాడని.

ఫక్రుద్దీన్ ఆవిడనీ, ఆవిడ వెనక నేలనీ చూశాడు. "ఇధర్ క్యా హై?"

"ఫూల్ హై."

మేస్త్రీకి అక్కడ పువ్వు అనేదే కనిపించలేదు. అయినా ఇంటివాళ్ల ఆజ్ఞ కదా అని, ఆ జాగా వదిలేసి చుట్టూ టైల్స్ పరిచాడు. పనిలో పట్టింపు ఉన్న మనిషి. వదిలిన జాగాకి కూడా అంచు కట్టి, చక్కగా గుండ్రంగా తీర్చాడు. బాబా బడలికగా ఇంటికి వచ్చి, పెరట్లో ఆ మట్టి గుండ్రం చూసి, ఇదేమిటన్నాడు. మీరే చెప్పారట కదా అన్నాడు మేస్త్రీ. బాబా రత్తమ్మ వైపు తిరిగాడు.

కిటికీలోంచి పెద్ద మామ గొంతు వినిపించింది. "నేను చెప్పమన్నాను."

ఆవిడ చెప్పమనలేదు. మేస్త్రీ వచ్చిన సంగతి కూడా ఆవిడకి తెలియదు. ఆ వేళప్పుడు నిద్రపోతోంది. బాబా తల్లి మాటకి ఎదురు చెప్పడు కాబట్టి మేస్త్రీకి కూలి లెక్క తేల్చి లోపలికి వెళ్లాడు. తర్వాత రత్తమ్మ టీ తీసుకెళ్లినప్పుడు, పెద్ద మామ గ్లాసు అందుకుని, చక్కెర తక్కువైందని మాత్రం అంది.

మూడో వసంతంలో, అంజూర చెట్టుకి కొత్త చిగుళ్లు వస్తుండగా, ఎండుటాకుల్ని తోసుకుని బొటనవేలంత మొన ఒకటి పైకి వచ్చింది. ఆకు మొన కాదు. లావుగా, కాడ మీద చుక్కలు చుక్కలుగా, కొసన ఎర్రగా ఉంది. రత్తమ్మ దాన్ని ముట్టుకోలేదు. లోపలికి వెళ్లి పెద్ద మామకి చెప్పింది. పెద్ద మామ "ఊఁ" అంది. ఆ రోజు మాత్రం అన్నం రెండోసారి పెట్టించుకుంది.

మొగ్గ జానెడు లేచి, రేపో మాపో విచ్చుకుంటుందనగా, నూరా తన బడి టీచర్లని భోజనానికి పిలిచింది. కొండల్లో ఆ రోజుల్లో వాన ఒక్కటే రాదు, వడగళ్లు కూడా వస్తాయి. మధ్యాహ్నం అన్నం పళ్లాల్లోకి సర్దుతుండగా ఆకాశం సీసం రంగులోకి మారింది. మొదటి రాయి టైల్స్ మీద పడి ఠంగుమంది. రత్తమ్మ చుట్టూ చూసింది. చేతికి అందేంత దూరంలో ఉన్న పెద్ద గిన్నె ఒక్కటే, సలాడ్ కలిపిన స్టీలు బేసిను. సలాడ్ మొత్తం గట్టు మీద బోర్లించి, బేసిను తీసుకుని పెరట్లోకి పరుగెత్తింది. మొగ్గ మీద దాన్ని బోర్లించి, గాలికి ఎగిరిపోకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది.

వడగళ్లు నిమ్మకాయలంత లేవు గానీ, ఉసిరికాయలంత ఉన్నాయి. బేసిను మీద పడ్డవి డప్పు వాయించాయి. రత్తమ్మ మీద పడ్డవి చప్పుడు చెయ్యలేదు, అంతే తేడా. ఆడవాళ్లు విందుకి వచ్చినప్పుడు సుభాని ఇంటి వెనక వైపుకి రాకూడదు. అందుకని మొహం గోడకేసి తిప్పుకుని, పక్కకి పక్కకి నడుస్తూ వచ్చి, కారులోని రబ్బరు పట్టాలు ఆవిడ తల మీద గొడుగులా పట్టి, గోడతోనే మాట్లాడాడు.

"లోపలికి పో అక్కా! తల పగుల్తాది!"

"మొగ్గ విరిగిపోద్దయ్యా!"

"నీ తల గూడా మొలుచ్చాదేమో జూడు మల్లా!"

వాన తగ్గేసరికి నూరా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. సుభాని వచ్చినట్టే గోడ వెంట వెనక్కి జరిగి మాయమయ్యాడు. లోపల అతిథులు ఆ డప్పు చప్పుడేమిటని అడిగారట. నూరా గట్టు మీది సలాడ్ చూసింది, బేసిను చూసింది, ఒళ్లంతా తడిసి నుదుటి మీద బొప్పి కట్టిన రత్తమ్మని చూసింది.

"దాని కిందేముంది?"

"పెద్ద మామ పువ్వు, మామా."

నూరా వంటింట్లోకి తిరిగింది. సలాడ్‌ని తనే పళ్లెంలోకి ఎత్తింది. ఒక తువ్వాలు తెచ్చి రత్తమ్మకి ఇచ్చింది. తర్వాత టీచర్లందరూ వరసగా పెరటి గుమ్మంలోకి వచ్చి, చాలాసేపు బోర్లించిన బేసిను వంక చూసి, బాగుందని చెప్పి వెళ్లారు.

పువ్వు రెండో రోజున విచ్చుకుంది. ఒక్క పువ్వు కాదది. సన్నని ఎర్రటి పోగులతో చిన్న చిన్న పువ్వులన్నీ ఒకే కాడ మీద చేరి, బంతిలా గుండ్రంగా నిలబడ్డాయి. రత్తమ్మ పెద్ద మామని నడిపించుకొచ్చి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఇది కూడా కాదు అంటుందేమోనని పెద్ద మామ మొహం వంకే చూసింది.

"ఇదే," అంది పెద్ద మామ.

చాలాసేపు చూసింది. తర్వాత మామూలు గొంతుతో చెప్పింది. "చిన్నప్పుడు మేకలు కాసేదాన్ని. ఇది తింటే మేకలు చస్తాయి. ఒకసారి ఒక మేక తింది. మా నాన్న నన్ను కర్రతో కొట్టాడు. అప్పట్నుంచీ ఈ పువ్వంటే నాకు అసహ్యం."

రత్తమ్మకి సరిగ్గానే విన్నానా అని అనుమానం వచ్చింది. "అసహ్యమా మామా? మరి ఇన్నాళ్లూ దీని కోసం..."

"మా నాన్న పోయాడు. అమ్మ పోయింది. ఆ మేకలు లేవు. తమ్ముడు నా తర్వాత పుట్టినవాడు, వాడికి తెలియదు. నేను దెబ్బలు తిన్న సంగతి ఎరిగింది ఇదొక్కటే మిగిలింది."

రత్తమ్మ కుర్చీ దగ్గరికి జరిగింది. పక్కన టైల్స్ మీద కూర్చుని, పెద్ద మామ మోకాళ్లు పట్టింది. చీకటి పడేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. నూరా కూడా వచ్చి కాసేపు నిలబడి వెళ్లింది. వంట ఆలస్యమైంది. ఎవరూ అడగలేదు.

రత్తమ్మ ఫొటో తీసి పీరయ్యకి వాట్సాప్‌లో పంపింది. ఆయన వెంటనే ఫోన్ చేశాడు.

"ఇది కడియం నర్సరీల్లో ఉంటదే! మే నెల్లో పూస్తది. సంచుల్లో పెట్టి అమ్ముతారు. దీని కోసవా నువ్వు మూడేళ్లు ఉండిపోయింది?"

రత్తమ్మ మళ్లీ చేస్తానని ఫోను పెట్టేసింది. అబద్ధం దాచుకోవడం ఆవిడకి ఉల్లిపాయతోనే సరిపోయింది. అందుకని తెల్లారి టీ ఇచ్చేటప్పుడు ఉన్నమాట పెద్ద మామకి చెప్పేసింది. మా దేశంలో ఇది దుకాణంలో దొరుకుతుందట మామా అని.

పెద్ద మామ ఆలోచించింది. "అరార్ చెట్టు కింద పూస్తుందా అక్కడ?"

"లేదు మామా. ప్లాస్టిక్ సంచిలో."

"మేకలు తింటాయా?"

"తిననివ్వరు."

"అయితే అది ఇది కాదు," అని పెద్ద మామ టీ తాగింది.

వారానికి పువ్వు వాడింది. ఆకులు వచ్చాయి. రత్తమ్మకి సెలవు ఇచ్చారు. తిరిగి రావడానికి కాగితం కూడా ఎవరూ అడగకుండా బాబా తనే తయారు చేయించాడు. సుభాని ఆవిడని విమానాశ్రయంలో దింపుతూ, "బిరీన రా అక్కా. దాన్ని జూసుకోమని నాకు జెప్పినారు. నాకు ఎర్రగడ్డ తప్ప ఏం దెల్చు?" అన్నాడు.

"ఏమీ చెయ్యకు," అంది రత్తమ్మ. "అదే పని."

ఇంటికి వచ్చిన కొన్నాళ్లకి పీరయ్య తన మాట నిజమని చూపించాలని ఆవిడని కడియం తీసుకెళ్లాడు. తుంటి మీద చెయ్యి వేసుకుని, నర్సరీల మధ్య దారిలో ఆయన ముందు నడిచాడు. నిజమే. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో వరసగా, చేనంత దూరం అవే మొక్కలు. కొన్నింటికి ఆఖరి పువ్వులు ఇంకా ఉన్నాయి. ఒక కుర్రవాడు గొట్టంతో అన్నింటి మీదా ధారాళంగా నీళ్లు కొడుతున్నాడు. రత్తమ్మ వంగి, ఒక పువ్వుని దగ్గరగా చూసింది. రంగు అదే. పోగులు అవే. చుక్కల కాడ కూడా అదే.

"చూశావా?" అన్నాడు పీరయ్య. "ఒకటి తీసుకుందామా? వాకిట్లో పెట్టుకుందాం."

రత్తమ్మ నడుం నిమురుకుంటూ లేచి నిలబడింది.

"ఒద్దండీ," అంది. "మనకొకటి ఉందిగా."

పీరయ్య ఆ మాటని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఇద్దరూ ఒక కరివేపాకు మొక్క కొనుక్కుని, రావులపాలెం బస్సెక్కారు.